ఒకే జనన వివరాలకు రెండు జాతకాలు: లగ్నం, పాదం, దశాశేషం మూడూ మారాయి. తేడా ఎక్కడ?

కొత్త_అభ్యాసి:

అందరికీ నమస్కారం. జాతక గణితం మొదటి నుంచి పద్ధతిగా నేర్చుకుంటున్నాను. అభ్యాసం కోసం ఒకే తేదీ, సమయం, ఊరు ఇచ్చి రెండు సాఫ్ట్‌వేర్లలో జాతకం వేశాను. ఫలితాలు ఇలా వచ్చాయి.

మొదటిది: లగ్నం (పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న బిందువు) కన్య 29°10′, రవి సింహం 25°40′, చంద్రుడు సింహం 18°35′, పుబ్బ నక్షత్రం 2వ పాదం (నక్షత్రంలో నాలుగో వంతు ఒక పాదం), శుక్ర మహర్దశ శేషం (పుట్టినప్పుడు నడుస్తున్న దశలో ఇంకా మిగిలిన కాలం) 12 సం. 1 నెల 15 రోజులు.

రెండవది: లగ్నం తుల 0°37′, రవి సింహం 27°07′, చంద్రుడు సింహం 20°02′, పుబ్బ 3వ పాదం, శుక్ర మహర్దశ శేషం 9 సం. 11 నెలల 12 రోజులు.

పంచాంగం చూసి చేత్తో కూడా లెక్కవేశాను. పుబ్బ ముందురోజు రాత్రి 10.40కి మొదలై పుట్టినరోజు రాత్రి 11.20 దాకా ఉంది. జననం ఉదయం 8.24, సూర్యోదయం 6.03. ఈ లెక్కన శుక్ర శేషం 12 సం. 1 నెల 9 రోజులు వచ్చింది. ఇది మొదటిదానికి దగ్గరగా ఉంది, కానీ సరిగ్గా కలవలేదు.

నా సందేహాలు ఇవి. రెండింటిలో దేన్ని నమ్మాలి? ఆ ఆరు రోజుల తేడా నా లెక్కలో తప్పా? లగ్నం, పాదం, దశ అన్నీ మారినప్పుడు తిథి మాత్రం రెండింటిలోనూ అమావాస్యే చూపిస్తోంది, అదెలా?

స్ఫుటగణితం:

ముందు ఒక్క పని చేయండి. రెండు జాతకాల్లో ఒక్కొక్క గ్రహానికీ తేడా తీసి పక్కన రాయండి. చంద్రుడికి 20°02′ నుంచి 18°35′ తీసేస్తే 1°27′. రవికి 27°07′ నుంచి 25°40′ తీసేస్తే 1°27′. లగ్నం కన్య 29°10′కి 1°27′ కలిపితే తుల 0°37′. అంతటా ఒకే తేడా ఉంది. సమయంలోనో ఊరిలోనో తప్పుంటే ఇలా రాదు. అప్పుడు లగ్నం బాగా జరుగుతుంది, చంద్రుడు కొన్ని కళలు (కళ అంటే డిగ్రీలో 60వ వంతు) జరుగుతాడు, రవి దాదాపు కదలడు. అన్నీ సమానంగా జరిగాయంటే కారణం అయనాంశ ఒక్కటే.

స్ఫుటం అంటే గ్రహం ఉన్న డిగ్రీ. ఖగోళ గణితం ఇచ్చేది సాయన స్ఫుటం, అంటే వసంత విషువ బిందువు (వసంతంలో పగలు రాత్రి సమానమైన రోజున రవి ఉండే చోటు) నుంచి కొలిచినది. మన జాతకానికి కావలసింది నిరయన స్ఫుటం, అంటే స్థిర నక్షత్ర చక్రంలో కొలిచినది. విషువ బిందువు ఏడాదికి సుమారు 50.3 వికలల (వికల అంటే కళలో 60వ వంతు) చొప్పున వెనక్కి జరుగుతుంది. 72 ఏళ్లకు ఇది దాదాపు ఒక డిగ్రీ. ఇలా పేరుకున్న దూరమే అయనాంశ. సాయన స్ఫుటంలోంచి దాన్ని తీసేస్తే నిరయన స్ఫుటం వస్తుంది. చిక్కల్లా ఈ రెండు చక్రాల ఆరంభ బిందువులు ఏ సంవత్సరంలో ఒక్కచోట కలిశాయన్న దగ్గరే. లాహిరి (చిత్రాపక్ష) పద్ధతి చిత్తా నక్షత్రాన్ని 180 డిగ్రీల దగ్గర నిలిపి క్రీ.శ. 285ని శూన్య వర్షంగా తీసుకుంటుంది. రామన్ పద్ధతికి శూన్య వర్షం క్రీ.శ. 397. మధ్యలో ఉన్న ఆ 112 ఏళ్లే మీ 1°27′ తేడాకు ప్రధాన మూలం. రామన్ అయనాంశ చిన్నది, కాబట్టి తీసేసేది తక్కువ, మిగిలే స్ఫుటం ఎక్కువ. మీ రెండవ సాఫ్ట్‌వేర్ రామన్ మీద ఉంది.

నిర్ధారించుకోవాలంటే రెండింటిలోనూ 2000 జనవరి 1 తేదీ ఇచ్చి అయనాంశ విలువ చూడండి. లాహిరి అయితే 23°51′ ప్రాంతంలో, కృష్ణమూర్తి అయితే 23°45′, రామన్ అయితే 22°24′ చూపాలి. కృష్ణమూర్తికీ లాహిరికీ ఆరు కళలే తేడా కనుక పైకి తెలియదు. కానీ కృష్ణమూర్తి పద్ధతి (కేపీ)లో సబ్ లార్డు (నక్షత్రంలోని ఉపభాగానికి అధిపతి) దాకా వెళ్లినప్పుడు ఆ ఆరు కళలే ఫలితాన్ని మార్చేస్తాయి.

దేన్ని నమ్మాలి అన్నారు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం చిత్రాపక్షాన్నే సిఫారసు చేసింది. 1956 మార్చి 21 నాటికి 23°15′ అని విలువ స్థిరపరిచారు. నేటి దృగ్గణిత (గ్రహాల వాస్తవ స్థానాలతో లెక్కించే) పంచాంగాల్లో ఎక్కువ భాగం నడిచేది దీని మీదే. నేర్చుకునేవారు లాహిరితో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే చేతిలోని పంచాంగంతో ప్రతి అడుగూ సరిచూసుకోవచ్చు. రామన్ పద్ధతి వాడేవారు దాన్ని మొదటి నుంచి చివరి దాకా వాడతారు. ఒక జాతకంలో దశ ఒక అయనాంశతో, గోచారం (ప్రస్తుత గ్రహ సంచారం) మరో అయనాంశతో చూడటం మాత్రం ఎవరి పద్ధతీ కాదు.

ఇక తిథి. తిథి అంటే చంద్రుడికీ రవికీ మధ్య దూరం, 12 డిగ్రీలకు ఒక తిథి. ఇద్దరి నుంచీ ఒకే అయనాంశ తీసేస్తారు కనుక దూరం మారదు. మీ జాతకంలో చంద్రుడు రవికి 7°05′ వెనక ఉన్నాడు. అంటే 360లో 352°55′ నడిచాడు. 12తో భాగిస్తే 29 తిథులు పూర్తయి 30వది, అమావాస్య. కరణం (తిథిలో సగం) కూడా ఇదే దూరం మీద ఆధారపడుతుంది కాబట్టి అదీ మారదు. యోగం అలా కాదు. అది రవిచంద్రుల స్ఫుటాల మొత్తం. అయనాంశ తేడా అక్కడ రెండింతలై 2°54′ అవుతుంది. మీ ఉదాహరణలో రెండు పక్కలా సాధ్య యోగమే వచ్చింది గానీ, సరిహద్దులో ఉంటే యోగం మారిపోయేది.

భుక్తభోగ్యం:

దశాశేషం గురించి నేను రాస్తాను. నక్షత్రానికి 13°20′, అంటే 800 కళలు. పాదానికి 200 కళలు. అన్నీ కళల్లోకి మార్చుకుంటే భిన్నాల గొడవ ఉండదు.

సింహం 18°35′ అంటే మేషాది నుంచి 138°35′. దీన్ని 60తో గుణించి 35 కలిపితే 8315 కళలు. 800తో భాగిస్తే 10 నక్షత్రాలు పూర్తయి 315 కళలు మిగిలాయి. పదవది మఖ కనుక నడుస్తున్నది పదకొండవది, పుబ్బ. 315లో 200 ఒక పాదం, మిగతా 115 రెండవ పాదంలో. భోగ్యం, అంటే ఇంకా నడవాల్సింది, 485 కళలు. పుబ్బకు శుక్రుడు, 20 ఏళ్లు. 485ను 20తో గుణించి 800తో భాగిస్తే 12.125. అంటే 12 సం. 1 నెల 15 రోజులు. రామన్ ప్రకారం 8402 కళలు, భుక్తం 402, భోగ్యం 398, శేషం 9.95 ఏళ్లు. 400 దాటి రెండే రెండు కళలు, అందుకే మూడవ పాదంలో పడ్డాడు. నామాక్షరం కూడా టా నుంచి టీకి మారుతుంది. నవాంశలో (రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రంలో) చంద్రుడు కన్య నుంచి తులకు వెళతాడు.

ఏ నక్షత్రానికి ఏ దశ అన్నది గుర్తుండాలంటే కృత్తిక నుంచి లెక్కపెట్టి ‘ఆ చం కు రా జీ శ బు కే శు’ అనుకోవడం పాత అలవాటు. రవి 6, చంద్రుడు 10, కుజుడు 7, రాహువు 18, గురువు 16, శని 19, బుధుడు 17, కేతువు 7, శుక్రుడు 20. మొత్తం 120. కొందరు అశ్విని నుంచి రవితో మొదలుపెట్టేస్తారు. అశ్వినికి కేతువు, భరణికి శుక్రుడు, కృత్తికతోనే రవి.

ఇప్పుడు మీ ఆరు రోజులు. మీ లెక్క తప్పు కాదు. నక్షత్ర ఆద్యంతం 24 గంటల 40 నిమిషాలు, అంటే 1480 నిమిషాలు. గతం 584, శేషం 896. 896ను 20తో గుణించి 1480తో భాగిస్తే 12.108, అంటే 12 సం. 1 నెల 9 రోజులు. ఈ త్రైరాశికం చంద్రుడు నక్షత్రమంతా ఒకే వేగంతో నడిచాడని అనుకుంటుంది. నిజానికి ఆయన రోజువారీ గతి 12 డిగ్రీల లోపు నుంచి 15 దాకా మారుతూ ఉంటుంది. నక్షత్రం మొదట్లో ఒక వేగం, చివర్లో ఒక వేగం. దానికి తోడు పంచాంగంలో అంత్యకాలాన్ని నిమిషానికి సర్ది వేస్తారు, సాఫ్ట్‌వేర్ వికలలను కళలకు సర్ది చూపుతుంది. శుక్ర దశలో ఒక్క కళ విలువ ఎంతో తెలుసా? 20 ఏళ్లకు 7200 రోజులు (నెలకు 30 చొప్పున), 800తో భాగిస్తే 9 రోజులు. మీ ఆరు రోజుల తేడా ముప్పావు కళ కూడా లేదు. అదే రవి దశ అయితే కళకు 2.7 రోజులే కనుక అసలు కంటికి ఆనేది కాదు.

ఇందులో ఒక మంచి విషయం ఉంది. ఇంత దగ్గరగా కలిసిందంటే మీ పంచాంగం లాహిరి మీద నడిచే దృగ్గణితమే. పూర్వపద్ధతి (పాత సిద్ధాంత గ్రంథాల లెక్కతో వేసే) పంచాంగం అయి ఉంటే నక్షత్రాంత్యం గంట తేడా వచ్చినా 32 కళలు, శుక్ర దశలో తొమ్మిది నెలలు దాటి మారేది. ఆ పంచాంగాన్ని లాహిరి సాఫ్ట్‌వేర్‌తో సరిచూడబోయి ఏది తప్పో తెలియక కొట్టుకుపోయేవారు చాలామంది.

ఉదయలగ్నం:

అయనాంశ సంగతి తేలింది. కానీ ఈ జాతకంలో అసలు సమస్య అది కాదని నా అభిప్రాయం. లాహిరిలో లగ్నం కన్య 29°10′. కన్య దాటడానికి 50 కళలే ఉంది. కన్యా లగ్న ప్రమాణం దక్షిణాదిన రెండు గంటలకు కాస్త పైన, అంటే డిగ్రీకి నాలుగు నిమిషాల పైచిలుకు. 50 కళలకు మూడున్నర నిమిషాలు. జననం 8.24 కాక 8.28 అయితే లాహిరిలో కూడా తులా లగ్నమే. నమోదు చేసిన సమయం ఐదు నిమిషాలకు సర్ది రాసిందా, గడియారం చూసి రాసిందా అన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. దీన్నే లగ్న సంధి అంటాం.

లగ్నం సుమారుగా సరిపోయిందో లేదో చేత్తో చూడటం సులువు. సూర్యోదయానికి లగ్న స్ఫుటం రవి స్ఫుటంతో సమానం. 6.03కి లగ్నం సింహం 25°40′ దగ్గర ఉంది. 8.24కి 141 నిమిషాలు గడిచాయి, అంటే 5 ఘడియల 52 విఘడియలు. సింహంలో మిగిలిన 4°20′కి 18 నిమిషాలు పోతే 123 నిమిషాలు కన్యకు మిగిలాయి. కన్య మొత్తం 127 నిమిషాల ప్రాంతం. అంటే చివరి డిగ్రీలో ఉండాలి. ఉంది. ఈ సరిచూపు వల్ల ఉదయం, సాయంత్రం తారుమారు కావడం, గంట తప్పడం లాంటి పెద్ద పొరపాట్లు వెంటనే పట్టుబడతాయి. సంధిని మాత్రం ఇది తేల్చలేదు.

ఊరు విషయంలో కూడా చూసుకోండి. సాఫ్ట్‌వేర్ జాబితాలో పుట్టిన ఊరు లేదని జిల్లా కేంద్రం ఎంచుకుంటారు. తూర్పు పడమరలుగా 50 కిలోమీటర్ల దూరం అంటే రేఖాంశం దాదాపు అర డిగ్రీ, కాలంలో రెండు నిమిషాలు, లగ్నంలో దాదాపు అర డిగ్రీ. మామూలు జాతకంలో పట్టింపు లేదు. మీ జాతకంలో సంధి దాకా ఉన్న దూరంలో సగానికి పైగా అక్కడే పోతుంది. అక్షాంశ రేఖాంశాలు చేత్తో టైపు చేయండి.

ఇంకో పొరపాటు పాత పుస్తకాలు చదివి నేర్చుకునేవారికి వస్తుంది. ప్రామాణిక కాలం 82°30′ రేఖాంశానికి చెందినది. 78°30′ దగ్గర పుట్టినవారికి 4 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు చొప్పున 16 నిమిషాలు తగ్గించి స్థానిక కాలం తీస్తాం. చేత్తో లగ్నం వేసేటప్పుడు ఇది తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ ఈ సవరణ తనే చేసుకుంటుంది. మీరు ముందే తగ్గించి 8.08 అని ఇస్తే రెండుసార్లు తగ్గి లగ్నం దాదాపు 4 డిగ్రీలు వెనక్కి పోతుంది, శుక్ర దశ రెండున్నర నెలలు పెరుగుతుంది. పెద్దల జాతకాలు వేసేటప్పుడు మరొకటి గుర్తుంచుకోవాలి. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా యుద్ధ కాలమని గడియారాలు గంట ముందుకు తిప్పారు. ఆ మధ్యలో పుట్టినవారికి గంట తగ్గించకపోతే సగం రాశి జరిగిపోతుంది.

వారం సంగతి కూడా చెబుతాను. అర్ధరాత్రి దాటాక, సూర్యోదయానికి ముందు పుట్టినవారికి తేదీ మారుతుంది గానీ వారం మారదు. ముందురోజు వారమే రాయాలి.

కొత్త_అభ్యాసి:

చాలా స్పష్టంగా చెప్పారండీ, ధన్యవాదాలు. అయనాంశ రెండింటిలోనూ లాహిరి చేశాను. ఇప్పుడు స్ఫుటాలు, దశాశేషం కలిశాయి. అయినా రెండు చిక్కులు మిగిలాయి. జన్మకాల శేషం ఒకటే ఉన్నా, 35 ఏళ్ల వయసు దగ్గర వచ్చే రాహు దశ ఆరంభ తేదీ రెండింటిలో ఆరు నెలలు తేడా వస్తోంది. రాహు కేతువుల డిగ్రీలు కూడా కలవడం లేదు. ఇంకొకటి: శుక్ర దశ కనుక పుట్టినప్పుడు శుక్రలో శుక్ర అంతర్దశ (మహర్దశ లోపలి ఉపదశ) వేసుకోవచ్చా?

భుక్తభోగ్యం:

అంతర్దశ దగ్గర ఆగండి, అలా వేయకూడదు. మహర్దశ పుట్టుకతో మొదలు కాలేదు, చంద్రుడు పుబ్బలోకి ప్రవేశించినప్పుడే మొదలైనట్టు లెక్క. మీకు 20 ఏళ్లలో 7 సం. 10 నెలల 15 రోజులు పుట్టకముందే గడిచిపోయాయి. అంతర్దశలు ఆ మొదటి నుంచి లెక్కపెట్టాలి. శుక్ర 3 సం. 4 నెలలు. రవి 1 సం., మొత్తం 4-4. చంద్ర 1 సం. 8 నెలలు, మొత్తం 6-0. కుజ 1 సం. 2 నెలలు, మొత్తం 7-2. రాహు 3 సం., మొత్తం 10-2. 7 సం. 10 నెలల 15 రోజులు ఆ రాహువులో పడింది. కాబట్టి పుట్టినప్పుడు నడుస్తున్నది శుక్రలో రాహువు, అందులో మిగిలింది 2 సం. 3 నెలల 15 రోజులు. ఆ తర్వాత గురువు.

అంతర్దశ పొడవుకు సులువు లెక్క ఉంది. రెండు దశల ఏళ్లనూ గుణించండి. చివరి అంకె వదిలేస్తే మిగిలినవి నెలలు, ఆ చివరి అంకెను మూడుతో గుణిస్తే రోజులు. రాహువులో శని: 18×19 = 342. 34 నెలల 6 రోజులు, అంటే 2 సం. 10 నెలల 6 రోజులు. పట్టిక అక్కర్లేదు.

ఆరు నెలల తేడా సంవత్సర ప్రమాణం వల్ల వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ ఏడాదికి 365.25 రోజులు, మరొకటి 360 రోజులు, అంటే సావన వర్షం, తీసుకుంటోంది. ఏడాదికి 5.25 రోజులు, 35 ఏళ్లకు 184 రోజులు. సెట్టింగుల్లో దశా సంవత్సరం అని ఉంటుంది, రెండింటిలో ఒకటే పెట్టండి. సౌరమానంలో 365.25 వాడేవారే ఎక్కువ, 360 వాడే సంప్రదాయమూ ఉంది. తేడా జన్మ దగ్గర సున్నా అయి వయసుతోపాటు సమానంగా పెరుగుతూ పోతే అది ఇదే. తేడా మొదటి నుంచీ అంతే ఉండి పెరగకపోతే చంద్ర స్ఫుటంలో వెతకాలి.

రాహువుది మధ్యమ, స్ఫుట భేదం. మధ్యమ రాహువు ఎప్పుడూ ఒకే వేగంతో వెనక్కి నడుస్తాడు. స్ఫుట రాహువు ఊగిసలాడతాడు, అప్పుడప్పుడు ముందుకీ కదులుతాడు. ఇద్దరి మధ్య ఒకటిన్నర డిగ్రీ దాకా తేడా రావచ్చు. మిగతా గ్రహాలన్నీ కలిసి రాహు కేతువులు మాత్రమే కలవకపోతే వేరే కారణం వెతకక్కర్లేదు.

భావాధిపతి:

గణితం చాలావరకు తేలింది కనుక ఫలభాగానికి ఇది ఎందుకంత ముఖ్యమో చూపిస్తాను. లగ్నం ఒక్క గీత దాటితే పన్నెండు భావాలూ ఒక్కో ఇల్లు జరుగుతాయి, ప్రతి గ్రహం ఆధిపత్యం మారుతుంది.

మీ శుక్రుణ్ణే తీసుకోండి. కన్యా లగ్నానికి శుక్రుడు ద్వితీయ, నవమాధిపతి. కోణాధిపత్యం ఉంది కనుక శుభుడు. తులా లగ్నానికి లగ్న, అష్టమాధిపతి. లగ్నాధిపత్యం అష్టమ దోషాన్ని తగ్గిస్తుంది, అయినా చదివే తీరు వేరు. శని కన్యకు పంచమ, షష్ఠాధిపతి, మిశ్రముడు. తులకు చతుర్థ, పంచమాధిపతి అయి కేంద్ర కోణాలు రెండూ ఒక్కడికే దక్కి యోగకారకుడవుతాడు. బుధుడు కన్యకు లగ్న, దశమాధిపతి, తులకు నవమ, వ్యయాధిపతి (12వ ఇంటి అధిపతి). ఇక సింహంలో ఉన్న రవి: కన్య నుంచి చూస్తే వ్యయాధిపతి వ్యయంలో స్వక్షేత్రంలో ఉన్నాడు. తుల నుంచి చూస్తే లాభాధిపతి (11వ ఇంటి అధిపతి) లాభంలో స్వక్షేత్రంలో ఉన్నాడు. అదే గ్రహం, అదే రాశి, అదే బలం. ఫలం చెప్పే వాక్యం మాత్రం పూర్తిగా మారిపోయింది. పక్కనున్న చంద్రుడు అమావాస్య నాటి క్షీణచంద్రుడు కాబట్టి నైసర్గికంగా శుభుడిగా లెక్కించకూడదు, అది రెండు లగ్నాలకూ సమానమే.

రెండు లగ్నాల్లో దేనికి నవాంశ బలం ఉందో చూసి తేల్చుదామని కొందరు చెబుతారు. ఇక్కడ అది పనికిరాదు. కన్య 29°10′ కన్యలో తొమ్మిదవ నవాంశ. కన్యకు నవాంశలు మకరం నుంచి మొదలు కనుక తొమ్మిదవది కన్యే, వర్గోత్తమం (రాశి, నవాంశ రెండూ ఒకటే కావడం). తుల 0°37′ తులలో మొదటి నవాంశ, అది తులే, అదీ వర్గోత్తమం. చర రాశికి మొదటిది, స్థిర రాశికి ఐదవది, ద్విస్వభావానికి తొమ్మిదవది వర్గోత్తమం అవుతాయి కనుక ద్విస్వభావం నుంచి చరానికి దాటే సంధిలో ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

భావ చక్రం కూడా వేయండి. లగ్న స్ఫుటాన్ని భావమధ్యంగా తీసుకుని సమభావ పద్ధతిలో వేస్తే మొదటి భావం కన్య 14°10′ నుంచి తుల 14°10′ దాకా ఉంటుంది. తుల 5 డిగ్రీల్లో ఒక గ్రహం ఉందనుకోండి, రాశి చక్రంలో అది ద్వితీయంలో, భావ చక్రంలో లగ్నంలో. లగ్నం రాశి చివర ఉన్న జాతకాల్లో సగం గ్రహాలు ఇలా జరుగుతాయి. ఆధిపత్యం, దృష్టులు రాశి చక్రంతో చూసి, ఏ భావ ఫలం ఇస్తుందన్నది భావ చక్రంతో చూడటం చాలామంది పద్ధతి. దృష్టులు అందరికీ సప్తమం. అదనంగా కుజుడికి 4, 8, గురువుకు 5, 9, శనికి 3, 10. వీటిని గ్రహం ఉన్న రాశితో సహా లెక్కపెట్టాలి. కొత్తవారు ఆ రాశిని వదిలేసి తర్వాతిది ఒకటి అని మొదలుపెట్టి ఒక ఇల్లు తప్పుతారు.

ఉదయలగ్నం:

జన్మకాల సంస్కారం (పుట్టిన సమయాన్ని సరిదిద్దడం) ఎలా చేయాలని అడుగుతారనుకుని ముందే రాస్తున్నాను. 8.24కీ 8.28కీ దశల్లో తేడా ఎంత? చంద్రుడు నాలుగు నిమిషాల్లో రెండు కళలు కదులుతాడు, శుక్ర శేషం 18, 19 రోజులు తగ్గుతుంది, అంతే. కాబట్టి మహర్దశ మారిన తేదీలను బట్టి లగ్నం తేల్చలేరు. రెండు లగ్నాలకూ దశల కాలం దాదాపు ఒకటే: శుక్రుడు 12 ఏళ్ల 1 నెల దాకా, రవి 18 ఏళ్ల 1 నెల, చంద్రుడు 28 ఏళ్ల 1 నెల, కుజుడు 35 ఏళ్ల 1 నెల దాకా. మారేది ఆ దశానాథుడి ఆధిపత్యం. చంద్ర దశ పదేళ్లు కన్యకు లాభాధిపతి దశ, తులకు దశమాధిపతి దశ. కుజ దశ ఏడేళ్లు కన్యకు తృతీయ, అష్టమాధిపతి దశ, తులకు ద్వితీయ, సప్తమాధిపతి దశ. రెండు లగ్నాలు బాగా వేరుగా మాట్లాడే చోటు ఇదే. 28 నుంచి 35 ఏళ్ల మధ్య తేదీతో సహా తెలిసిన సంఘటనలు తీసుకోండి. వివాహం, కుటుంబం, ధనం ఒకవైపు. తమ్ముళ్లు చెల్లెళ్లు, ఆకస్మిక మార్పులు, ఆటంకాలు మరోవైపు. ముందు కాగితం మీద రెండు లగ్నాలకూ ఏమి రావాలో రాసుకుని, ఆ తర్వాతే సంఘటనలు అడగండి. సంఘటన తెలిశాక వెనక్కి వెళ్లి ఆధిపత్యం వెతికితే ఏ లగ్నమైనా సరిపోతుంది, ఎందుకంటే ప్రతి గ్రహానికీ ఏదో ఒక కారకత్వం దొరుకుతుంది.

అప్పటికీ తేలకపోతే జాతకం మీద లగ్నం కన్య అని ఒక్కటే రాసి వదలకండి. లగ్న స్ఫుటం 29°10′ అనీ, అయనాంశ లాహిరి అనీ, దశా సంవత్సరం 365.25 అనీ, రాహువు మధ్యమమా స్ఫుటమా అనీ, వాడిన అక్షాంశ రేఖాంశాలూ కింద రాయండి. లగ్న సంధి అని ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. తర్వాత ఆ కాగితం ఎవరి చేతికి వెళ్లినా తేడా ఎక్కడ వచ్చిందో వెతకడానికి వారికి పది నిమిషాలు చాలు.

కొత్త_అభ్యాసి:

రెండు సాఫ్ట్‌వేర్లలోనూ దశా సంవత్సరం 365.25, రాహువు మధ్యమం పెట్టాక అన్నీ కలిశాయి. ఊరి రేఖాంశం చేత్తో ఇచ్చి చూస్తే లగ్నం కన్య 29°10′ నుంచి 28°48′కి తగ్గింది. జాబితాలో ఎంచుకున్నది తూర్పున ఉన్న పట్టణమని ఇప్పుడు తెలిసింది. సంధి దాకా మూడున్నర నిమిషాలకు బదులు ఐదు నిమిషాలు ఉన్నట్టు లెక్క. భావ చక్రం వేసి, కుజ దశకు రెండు లగ్నాల ఫలాలూ రాసి ఇక్కడే పెడతాను.